అగ్నిశేషం

2006 మార్చి 13, సోమవారం ఉదయం. లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో మందుల పరీక్షలు జరిపే వార్డు. ఎనిమిది మంది యువకులు, అందరూ నిక్షేపంలా ఉన్నవాళ్లే, పక్కపక్క మంచాల మీద ఉన్నారు. టీజీఎన్1412 అనే కొత్త మందును మొట్టమొదటిసారి మనిషి నరంలోకి ఎక్కించబోతున్నారు. ఇద్దరికి మందు కలపని ఉత్త ద్రావణం. మిగిలిన ఆరుగురికి అసలు మందు, ఒకరి తర్వాత ఒకరికి, కొద్ది నిమిషాల తేడాతో. జంతువులకు ఏ హానీ చేయని మోతాదులో అది ఐదువందలో వంతు మాత్రమే.

గంటా గంటన్నరలో తలనొప్పి మొదలైంది. వెంటనే నడుంనొప్పి, వాంతులు, వణికించే జ్వరం. ఆరుగురూ ఒకరి వెంట ఒకరు కూలబడ్డారు. రక్తపోటు జారిపోయింది, ఊపిరితిత్తులు నీరు పట్టాయి, మూత్రపిండాలు మొరాయించాయి. ఆరుగురినీ ఐసీయూకు తరలించారు. ఉత్త ద్రావణం ఎక్కిన ఇద్దరికీ మాత్రం ఏమీ కాలేదు. చివరకు అందరూ బతికి బయటపడ్డారు గానీ, ఒకతనికి కాలివేళ్లు, కొన్ని చేతివేళ్ల కొసలు పోయాయి.

ఆ వార్డులో ఏ బాక్టీరియా లేదు, వైరస్ లేదు. ఎక్కించిన మందు రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాల మీద ఉండే ఒక మీటను నొక్కింది, అంతే. తర్వాత జరిగినదంతా ఆ యువకుల ఒళ్లు తనకు తాను చేసుకున్నదే. మరి ముందుగా పరీక్షించిన కోతుల్లో ఎందుకు జరగలేదు? నాలుగేళ్ల తర్వాత బ్రిటన్ శాస్త్రవేత్తలకు జవాబు దొరికింది. పాత ఇన్ఫెక్షన్లను గుర్తుపెట్టుకుని, మళ్లీ వస్తే మీద పడేందుకు కాచుకుని ఉండే జ్ఞాపక టి-కణాలు మనిషి ఒంట్లో ఉంటాయి. వాటి మీద ఆ మీట ఉంది. పరీక్షకు వాడిన జాతి కోతుల్లో అలాంటి కణాల మీద అది లేదు. చిన్నప్పటి నుంచి పడిన జలుబులు, జ్వరాలు ఆ యువకుల ఒంట్లో దాచి వెళ్లిన జ్ఞాపకమే ఆ రోజు భగ్గుమంది.

అప్పు, నిప్పు, పగ, ఈ మూడింటికీ శేషం ఉంచకూడదన్నది మన పెద్దల మాట. ఒంట్లో లేచిన నిప్పుకు మాత్రం శేషం ఉండదనే వైద్యం చాలాకాలం నమ్మింది. జ్వరం తగ్గింది, తెల్లకణాల లెక్క మామూలుకు వచ్చింది, డిశ్చార్జి కాగితం చేతికిచ్చారు. అక్కడితో కథ ముగిసినట్టే. గత రెండు దశాబ్దాల పరిశోధన ఈ నమ్మకాన్ని తిరగరాసింది. తీవ్రమైన ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో రేగిన ఈ మంట, చల్లారాక కూడా రోగనిరోధక వ్యవస్థలో దాని శేషం నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి మిగిలిపోతోంది. ఇక్కడే రెండు పాత ప్రశ్నలు కొత్తగా ఎదురవుతాయి. మంటలోకి వెళ్లిన మనిషీ, బయటికొచ్చిన మనిషీ ఒక్కరేనా? మిగిలిన ఆ శేషాన్ని కర్మ అనవచ్చా?

మొదటి ప్రశ్నను రోగనిరోధక శాస్త్రం తన పుట్టుకలోనే మోసుకొచ్చింది. ఒళ్లు తన మీద తానే విషం కక్కుకోదని 20వ శతాబ్దపు తొలినాళ్లలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ గట్టిగా నమ్మాడు. ఆ తర్వాత ఆస్ట్రేలియాకు చెందిన మెక్‌ఫార్లేన్ బర్నెట్ మొత్తం వ్యవస్థనే ‘నేను’, ‘నేను కానిది’ అనే విభజన మీద నిలబెట్టాడు. తనది ఏదో, పరాయిది ఏదో ఒళ్లు పిండదశలోనే నేర్చుకుంటుందన్న ఆ ఆలోచనకు 1960లో పీటర్ మెడవార్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. తత్వశాస్త్రం వేల ఏళ్లుగా తేల్చలేకపోయిన ‘నేను’కు ప్రయోగశాలలో చిరునామా దొరికిందని అప్పట్లో సంబరపడ్డవాళ్లూ ఉన్నారు.

సంబరం ఎక్కువకాలం నిలవలేదు. సగం తండ్రి జన్యువులతో ఉన్న బిడ్డను తల్లి ఒళ్లు తొమ్మిది నెలలు ఎందుకు మోస్తుంది? పేగుల్లో కాపురం పెట్టిన కోటానుకోట్ల బాక్టీరియాను ఎందుకు సహిస్తుంది? అమెరికా శాస్త్రవేత్త పాలీ మాట్జింగర్ 1994లో వేరే దారి చూపించింది. ‘నువ్వు ఎవరు’ అన్నది ఒంటికి పెద్దగా పట్టదు, ‘ఇక్కడ నష్టం జరుగుతోందా’ అన్నదే అసలు విచారణ అని ఆమె వాదన. ఆ వాదన మీద చర్చ ఇంకా తెగలేదు. ఒకటి మాత్రం నిజం: లండన్ వార్డులోని ఆ ఆరుగురి విషయంలో ‘నేను’ను కాపాడే వ్యవస్థే ‘నేను’ను చంపినంత పని చేసింది.

అలాంటి ప్రమాదాలు అరుదు. ఆసుపత్రుల్లో రోజూ కనిపించే పెద్ద మంట పేరు సెప్సిస్. మూత్రంలో ఇన్ఫెక్షనో, న్యుమోనియానో, కాన్పు తర్వాతి జ్వరమో మొదలై, ఒంటి ప్రతిస్పందన అదుపు తప్పి అవయవాలు దెబ్బతినడమే సెప్సిస్ అని 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం నిర్వచించింది. నిర్వచనంలో నేరం సూక్ష్మజీవి మీద కన్నా ఒంటి ప్రతిస్పందన మీదే ఎక్కువ మోపారు. 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందని, 1.1 కోట్ల మంది చనిపోయారని లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. ఆ ఏడాది మరణాల్లో ప్రతి ఐదింటిలో దాదాపు ఒకటి.

మంట వల్లే చనిపోతున్నారు గనక మంటను ఆర్పితే సరిపోతుందని 1990ల్లో వైద్యులు ఎన్నో మందులు ప్రయత్నించారు. వరసగా విఫలమయ్యాయి. ఎందుకు విఫలమయ్యాయో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక బృందం మరణశయ్య పక్కనే వెతికింది. సెప్సిస్‌తో ఐసీయూలో చనిపోయిన 40 మంది నుంచి, చనిపోయిన మూడు గంటల్లోపే, ప్లీహం, ఊపిరితిత్తుల ముక్కలు సేకరించారు. ఆ కణాలు అప్పటికింకా సజీవంగానే ఉన్నాయి. వాటిని ప్రయోగశాలలో రెచ్చగొట్టి చూస్తే, మామూలు ప్లీహ కణాలు విడుదల చేసే రసాయనాల్లో పదో వంతు కూడా అవి విడుదల చేయలేదు. 2011లో వెలువడిన ఈ ఫలితం చెప్పింది ఒక్కటే: వీరిలో చాలామంది మంట ఉధృతిలో పోలేదు, ఆ తర్వాతి నిస్సత్తువలో పోయారు. మామూలు మనిషిని ఏమీ చేయలేని సూక్ష్మజీవులు, చిన్నప్పటి నుంచి ఒంట్లో నిద్రపోతున్న వైరస్‌లు ఆ సమయంలో లేచి కూర్చుంటాయి.

ఈ నిస్సత్తువ నీడను అమెరికా వైద్యుడు పాల్ బీసన్ 1940ల్లోనే కుందేళ్లలో చూశాడు. వాటికి రోజూ టైఫాయిడ్ టీకా ఎక్కిస్తే మొదటి రోజు జ్వరం పేలిపోయేది. రోజులు గడిచేకొద్దీ అదే మోతాదుకు జ్వరం తగ్గుతూ వచ్చింది. ఒళ్లు అలవాటు పడింది. కొద్దిపాటి విషానికి ఈ అలవాటు ఆత్మరక్షణ. ఉప్పెనలా వచ్చిపడిన దానికి ఇదే అలవాటు శాపం.

సరే, ఈ అలవాటు దాక్కునేది ఎక్కడ? చిక్కంతా ఇక్కడే. మంటలో ముందు వరసలో ఉండే న్యూట్రోఫిల్ అనే తెల్లకణం రక్తంలో తిరిగేది కొన్ని గంటలు. మోనోసైట్ బతికేది కొద్ది రోజులు. మంటను చూసిన కణాలన్నీ నెల తిరిగేసరికి పోయి ఉంటాయి. కొత్తగా పుట్టినవాటికి ఆ సంగతే తెలియకూడదు. కానీ తెలుస్తోంది.

2023లో సెల్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని దగ్గరగా చూపించింది. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ పరిశోధకులు తీవ్రమైన కోవిడ్ నుంచి కోలుకున్నవారి రక్తం తీసుకుని, అందులో అరుదుగా తిరిగే మూలకణాలను ఏరి పట్టుకున్నారు. ఎముకల మూలుగలో కూర్చుని జీవితాంతం రక్తకణాలను పుట్టించేవి ఇవే. వాటి జన్యువుల అక్షరాలు మారలేదు. ఏ జన్యువు విప్పి ఉండాలి, ఏది ముడుచుకుని ఉండాలి అన్న అమరిక మాత్రం మారింది. ఆ మార్పు వాటి సంతానమైన మోనోసైట్‌లకూ అందింది. కొందరిలో ఏడాది వరకూ నిలిచింది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే మంట రసాయనాన్ని జబ్బు సమయంలో మందుతో అడ్డుకున్నవారిలో ముద్ర పలచగా పడింది. అంటే గుర్తు వేసింది వైరస్ ఒక్కటే కాదు, మంట కూడా.

ఈ వరస చదువుతుంటే మిలింద పన్హాలో గ్రీకు రాజు మిలిందుడికీ భిక్షువు నాగసేనుడికీ జరిగిన సంవాదం గుర్తురాక మానదు. రాత్రంతా వెలిగిన దీపంలో తొలిజాము జ్వాల, చివరిజాము జ్వాల ఒకటేనా వేరా అన్నది అక్కడి ప్రశ్న. అదే అనలేం, వేరూ అనలేం, ఒకదాన్ని ఆసరా చేసుకుని మరొకటి పుడుతుందన్నది భిక్షువు సమాధానం. మూలుగలో జరిగేది దీనికి ఆశ్చర్యకరంగా దగ్గర. కణాలేవీ మిగలవు, పోలిక మిగులుతుంది. అంతమాత్రాన అన్నీ మనవాళ్లు ముందే చెప్పేశారని చంకలు గుద్దుకోనక్కర్లేదు. నాగసేనుడు మోనోసైట్‌ల గురించి మాట్లాడలేదు. స్థిరమైన ‘నేను’ లేకుండా కూడా కొనసాగింపు సాధ్యమని తర్కించాడు. ఆ తర్కానికి ఒంట్లో ఒక సాక్ష్యం దొరికిందని అనడం వరకే న్యాయం.

అన్ని శేషాలూ చెడ్డవి కావు. తెలుగునాట పుట్టిన పిల్లలకు ఎడమ భుజం మీద చిన్న మచ్చ కనిపిస్తుంది. అది పుట్టగానే వేసిన బీసీజీ టీకా గుర్తు. టీకా ఉద్దేశం క్షయ నుంచి కాపాడటం. కానీ నెదర్లాండ్స్‌లోని నైమెగన్‌లో మిహాయ్ నెటియా బృందం 2012లో చూపిన దాని ప్రకారం, బీసీజీ వేసుకున్న పెద్దవాళ్ల మోనోసైట్‌లు క్షయతో ఏ సంబంధమూ లేని సూక్ష్మజీవుల మీద కూడా నెలల తరబడి ఎక్కువ చురుగ్గా స్పందించాయి. దీనికి వాళ్లు పెట్టిన పేరు శిక్షణ పొందిన రోగనిరోధకత. చర్మానికీ ఇలాంటి జ్ఞాపకం ఉంది. ఒకసారి మంటకు గురైన ఎలుక చర్మం, ఆ మంట పూర్తిగా తగ్గాక కూడా, తర్వాత తగిలిన గాయాన్ని మామూలు చర్మం కన్నా త్వరగా మాన్పుకుంటుందని 2017లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలోని ఎలైన్ ఫుక్స్ బృందం కనుగొంది. ఎలుకలో గాయాన్ని త్వరగా మాన్పిన ఈ జ్ఞాపకమే మనిషిలో సోరియాసిస్‌లా తిరగబెట్టే జబ్బుకూ ఆధారం కావచ్చని వారి అనుమానం.

ఇక రెండో ప్రశ్న. ‘ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నానో’ అన్న మాట వినిపించని ఆసుపత్రి వరండా తెలుగునాట ఉండదు. గతం ఒంట్లో శేషంగా మిగిలి తర్వాత ఫలిస్తుందని శాస్త్రం చెబుతుంటే, ఆ మాటకు బలం వచ్చినట్టు అనిపించవచ్చు. 2022లో జరిగిన ఒక ఎలుకల ప్రయోగం ఈ పోలికను పరీక్షకు పెడుతుంది. శాస్త్రవేత్త జార్జ్ హాజిషెంగాలిస్ తదితరులు ఎలుకలకు చిగుళ్ల వాపు తెప్పించి, వాటి మూలుగను ఏ జబ్బూ లేని ఎలుకలకు మార్పిడి చేశారు. మూలుగ అందుకున్న ఎలుకలకు చిగుళ్లు బాగానే ఉన్నాయి. కానీ కీళ్లవాతం తెప్పించినప్పుడు, మామూలు మూలుగ అందుకున్న ఎలుకల కన్నా వాటికి తీవ్రంగా వచ్చింది. ఒకరి నోటిలోని మంట మరొకరి కీళ్లలో తేలింది.

భారతీయ తార్కికులు దీన్నే అకృతాభ్యాగమం అన్నారు. చేయనిదాని ఫలం వచ్చి మీద పడటం. దానికి జోడు కృతహాని, చేసినదాని ఫలం చేసినవాడికి దక్కకపోవడం. ఒక సిద్ధాంతం ఈ రెంటికి దారి తీస్తే ఆ సిద్ధాంతమే తప్పని వాదించేవారు. స్థిరమైన ఆత్మను ఒప్పుకోని బౌద్ధుల మీద వైదిక దార్శనికులు వేసిన పెద్ద ఆక్షేపణ ఇదే: చేసినవాడు, అనుభవించేవాడు ఒక్కడే కాకపోతే కర్మకు అర్థమేముంది? కర్మ సిద్ధాంతం బతికేది ఆ లెక్క సరిపోవడం మీదే. మూలుగలో ఆ లెక్క సరిపోదు. అక్కడ అకృతాభ్యాగమం దోషం కాదు, రోజువారీ వ్యవహారం. కనుక ఒంటి శేషాన్ని కర్మ అనడం కుదరదు. దానికి కారణం ఉంది, న్యాయం లేదు. ఈ తేడా తార్కికులకే పట్టిన విషయంగా కనిపించవచ్చు గానీ, జబ్బుపడ్డ మనిషిని ముద్దాయిగా నిలబెట్టాలా వద్దా అన్నది దీని మీదే ఆధారపడి ఉంది.

తట్టు సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టం. పిల్లలకు తట్టు పోస్తే అమ్మవారు వచ్చిందని గుమ్మానికి వేపమండలు కట్టడం, తగ్గాక తలంటి అమ్మవారిని సాగనంపడం తెలుగిళ్లలో చాలాచోట్ల ఉన్న ఆచారం. దద్దుర్లు పోయాయంటే తల్లి వెళ్లిపోయిందనే లెక్క. తట్టు మాత్రం అంత తొందరగా వెళ్లదు. 2013లో నెదర్లాండ్స్‌లోని ఒక సంప్రదాయ ప్రొటెస్టెంట్ సమాజంలో తట్టు చెలరేగింది. దైవ సంకల్పానికి అడ్డురాకూడదని అక్కడ చాలామంది టీకాలు వేయించరు. తట్టు సోకిన 77 మంది పిల్లల రక్తాన్ని ముందూ తర్వాతా పరీక్షించి 2019లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ఫలితం ఇది: ఇతర రోగాల మీద వాళ్లకు అప్పటికే ఉన్న యాంటీబాడీల వైవిధ్యంలో 11 నుంచి 73 శాతం తుడిచిపెట్టుకుపోయింది. ఎప్పుడో గెలిచిన రోగాలను ఆ పిల్లల ఒళ్లు మరిచిపోయింది.

తట్టును మాత్రం ఆ ఒళ్లు మరవదు. 1846లో ఫారో దీవుల్లో తట్టు వ్యాపించినప్పుడు, 65 ఏళ్ల కిందట 1781లో అది సోకిన వృద్ధులెవరికీ మళ్లీ రాలేదని డేనిష్ వైద్యుడు పీటర్ పానుమ్ నమోదు చేశాడు. తన గురుతు ఉంచుకుని తక్కినవి చెరిపేసే ఈ జ్ఞాపకంలో పాపపుణ్యాలు వెతికితే దొరికేదేమీ లేదు. దైవభక్తి గల ఇంట్లో పుట్టిన ఆ డచ్చి పిల్లలు చేసిన నేరమేమిటి?

మంటకు శేషం ఉంటుందని తెలిశాక దాన్ని పూర్తిగా ఆర్పేస్తే పోలేదా అనిపిస్తుంది. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ దీనికి చక్కటి సమాధానం. చవకైన పాత స్టెరాయిడ్ డెక్సామెథసోన్ వల్ల, వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగుల్లో మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరమే లేనివారికి అదే మందు మేలు చేసిన దాఖలా లేదు. మరుసటి ఏడాది, 2021 వేసవిలో, ఇక్కడ ఏం జరిగిందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. అదుపు తప్పిన షుగర్, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లు, కోవిడ్ తాకిడి కలిసి బ్లాక్ ఫంగస్‌కు తలుపులు తీశాయి. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని దానికి నోడల్ కేంద్రంగా ప్రకటించాల్సి వచ్చింది. జూన్ చివరికి దేశంలో కేసులు 40,000 దాటాయి. కోవిడ్‌ను గెలిచి ఇంటికొచ్చినవాళ్లు కన్ను, పైదవడ పోగొట్టుకున్నారు.

మంటకు కళ్లెం వేయడానికి వాడే మందుల్లో ఒకదానికి తెలుగు మూలం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన ఫోలిక్ యాసిడ్ విరోధుల పరిశోధనలోంచి మెథోట్రెక్సేట్ వచ్చింది. అప్పట్లో గురి పిల్లల బ్లడ్ క్యాన్సర్ మీద. ఈనాడు అదే మందు చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి, కీళ్లవాతం ఉన్న లక్షల మంది మింగుతున్నారు. రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద రాసిచ్చే డాక్టర్లున్నారు. ఆర్పడానికీ అణచడానికీ మధ్య తేడా ఆ చీటీలో ఉంది.

సెప్సిస్ నుంచి బయటపడినవారిలో పది మందిలో నలుగురు 90 రోజుల్లోపే మళ్లీ ఆసుపత్రిలో చేరుతున్నారని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. చాలామందిని వెనక్కి తెచ్చేది మరో ఇన్ఫెక్షనే. మీ ఇంట్లో ఎవరైనా ఐసీయూ దాకా వెళ్లి వచ్చివుంటే ఆ ఏడాదిలో వచ్చే జ్వరాన్ని మామూలు జ్వరంగా చూడకండి. మందుల షాపులో అడిగి రెండు మాత్రలు వేసి సరిపెట్టకండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జి సమ్మరీ వెంట తీసుకెళ్లండి. న్యుమోనియా, ఫ్లూ టీకాలు ఎప్పుడు వేయించాలో అడగండి. ఏ పాపం చేశారో అన్న విచారణ ఆ మంచం పక్కన పెట్టకండి.